ఇఫ్లీ: లాకులు, గుమ్మాలు, ఒక మూసేసిన గది

(ఆక్స్‌ఫర్డ్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు, మర్నాటి ఆదివారపు నడకకు ముందుమాటగా చేసిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్ళకి వినపడుతోందా? సరే. పిల్లలు ఆడుకుంటే ఆడుకోనివ్వండమ్మా, నాకేం ఇబ్బంది లేదు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పినవాణ్ణి. గోల లేకపోతేనే నాకు మాట రాదు.

రేపు మనం నడిచి వెళ్ళే ఊరు పేరు ఇఫ్లీ. ఇక్కణ్ణుంచి రెండు మైళ్ళు. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్ నగరంలో కలిసిపోయింది గానీ, లోపలికి వెళ్తే ఊరు ఊరే. నది పక్కన చిన్న గుట్ట, గుట్ట మీద చర్చి, చర్చి చుట్టూ రాతి ఇళ్ళు. అంతే.

ముందే ఒక మాట చెప్పాలి. ఇఫ్లీ రోడ్డు వేరు, ఇఫ్లీ ఊరు వేరు. ఇది నాకు కాళ్ళు నొప్పెట్టి తెలిసిన సత్యం. మొదటిసారి నేను బస్సులో "ఇఫ్లీ రోడ్డు" అని విని దిగిపోయాను. చర్చి ఎక్కడండీ అంటే ఒకాయన నాకు పరుగుపందేల మైదానం చూపించాడు. అది కూడా చూడాల్సిందే లెండి. 1954 మే 6న రోజర్ బానిస్టర్ మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు, 3 నిమిషాల 59.4 సెకన్లలో, పరిగెత్తింది ఆ మైదానంలోనే. కానీ నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఎనిమిది వందల ఏళ్ళకు పైబడిన చర్చిని. అక్కణ్ణుంచి ఇంకా చాలా దూరం నడవాల్సి వచ్చింది.

ఇంత చిన్న ఊరి గురించి గంటసేపు ఏం చెప్తారు మాస్టారూ అని ఇందాక ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఈ ఊళ్ళో యుద్ధం జరగలేదు, రాజు పుట్టలేదు. కానీ ఎన్నిసార్లు వెళ్ళినా నాకు అక్కడ ఒకటే కనిపిస్తుంది. ఎవరో ఒకరు దేన్నో ఆపుతుంటారు. నీటిని ఆపుతారు, పడవని ఆపుతారు, మనిషిని ఆపుతారు. తర్వాత వదులుతారు, లేదా వదలరు. ఈ ఊరి కథంతా అదే. మీరూ చూసి చెప్పండి.

నీళ్ళతో మొదలుపెడదాం. మనలో గోదావరి జిల్లాల వాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. అబ్బో, సగం మంది మనవాళ్ళే. అయితే మీకు "లాకులు" అంటే ఏంటో చెప్పక్కర్లేదు. లాకుల దగ్గర బస్సు ఆగుతుంది, లాకుల దగ్గర చేపలు అమ్ముతారు, లాకుల మీంచి దూకి మా తరం పిల్లలు ఈత నేర్చుకున్నారు. అది ఇంగ్లీషు మాటని మనం ఏనాడూ అనుకోలేదు. కాలవ పుట్టినప్పుడే ఆ మాటా పుట్టిందనుకున్నాం. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి, 1852కి పూర్తిచేసి, కాలవలు తవ్వించాక, పడవలు ఎత్తు నుంచి పల్లానికి దిగాలంటే లాకులు కావాల్సి వచ్చాయి. రెండు జతల తలుపులు, మధ్యలో తొట్టి. పడవ లోపలికొచ్చాక వెనక తలుపులు మూసి, నీళ్ళు నెమ్మదిగా దించి, ముందు తలుపులు తీస్తారు.

అదే ఏర్పాటు, అదే పేరుతో, థేమ్స్ నది మీద ఇఫ్లీలో ఎప్పుడు వచ్చిందో తెలుసా? 1631లో. కాటన్ దొర కంటే రెండు వందల ఏళ్ళ ముందు. థేమ్స్ మొత్తం మీద ఇలాంటి తొట్టి లాకులు మొట్టమొదట కట్టిన మూడు చోట్లలో ఇఫ్లీ ఒకటి. మిగతా రెండూ కూడా ఈ చుట్టుపక్కలవే, శాండ్‌ఫర్డ్ ఒకటి, స్విఫ్ట్ డిచ్ ఒకటి.

మరి అంతకు ముందు ఏముండేది? అది చెప్పకపోతే లాకు విలువ తెలియదు. అంతకు ముందు నదికి అడ్డంగా ఒక ఆనకట్ట, దాని పక్కన ఒక నీటి మిల్లు. ఆనకట్టలో ఒక ఖాళీ. ఆ ఖాళీని నిలువు కర్రలతో, పలకలతో మూసి ఉంచేవారు. పడవ వస్తే ఆ పలకలు ఒక్కొక్కటే పీకేసేవారు. అంతే! పైన నిలవున్న నీళ్ళన్నీ ఒక్కసారి దూకేవి. దిగే పడవ ఆ వరదతో పాటు దూసుకుపోయేది, దేవుడి మీద భారం వేసి. ఎక్కే పడవ సంగతి? ఆ దూకే నీటికి ఎదురుగా తాళ్ళు కట్టి, రాట్నం తిప్పి, మనుషులు లాగాలి. తాడు తెగితే? మీరే ఊహించుకోండి.

ఇంకో చిక్కుంది. పడవ కోసం నీళ్ళు వదిలేస్తే మిల్లు చక్రం తిరగదు. మళ్ళీ నీళ్ళు నిండే దాకా గంటల తరబడి పిండి ఆడదు. అందుకని మిల్లువాడు పలకలు తీయనంటాడు. తీస్తే ఇంత ఇవ్వమంటాడు. పడవవాడు బతిమాలతాడు, తిడతాడు. కింద పొలాల వాడు మా గడ్డి మునిగిందంటాడు. నీటి తగాదాలు మన కాలవ గట్ల మీదే ఉంటాయనుకున్నారా? తెల్లవారుజామున తూము దగ్గర పారలు పట్టుకుని నిలబడిన మనవాళ్ళకీ వీళ్ళకీ తేడా భాష ఒక్కటే.

ఆక్స్‌ఫర్డ్ దాకా సరుకు పడవలు రావాలి, ఇక్కడి రాయి లండన్ వెళ్ళాలి, బొగ్గు ఇటు రావాలి అని పార్లమెంటు చట్టం చేసింది. 1605లో ఒకసారి, 1624లో మళ్ళీ ఒకసారి. ఒక కమిషన్ వేశారు. లాకులు వచ్చాయి. 1635లో మొదటి పెద్ద పడవ ఆక్స్‌ఫర్డ్ చేరింది. మొదటి చట్టం నుంచి మొదటి పడవ దాకా ముప్ఫై ఏళ్ళు. నవ్వకండి, ప్రాజెక్టులంటే అన్ని దేశాల్లోనూ అంతే.

రేపు మీరు చూసే లాకు 1631 నాటిది కాదు, 1924లో కట్టింది. ఆ గట్టు మీద చూస్తే రాతి ఎద్దు తల ఒకటి ఉంటుంది, ముక్కుకి ఇనప రింగు. పిల్లలకి తప్పకుండా చూపించండి. యూనివర్సిటీ పడవ పందేలు మొదలయ్యే చోటు అది. ఆ పందేలు కూడా లాకు పుణ్యమే. ఎలాగంటారా? విద్యార్థులు కింద శాండ్‌ఫర్డ్ దాకా వెళ్ళి, తిని, తాగి, తిరిగి వచ్చేవారు. ఇఫ్లీ లాకులోంచి పడవలన్నీ ఒకేసారి బయటికి రాలేవు కదా. ఒకదాని వెనక ఒకటి రావాలి. నది ఇరుకు, పక్కనుంచి దాటి పోయే వీల్లేదు. అందుకని ముందున్న పడవని వెనక పడవ తగిలితే గెలిచినట్టు. 1815 నుంచి ఇది పద్ధతిగా సాగుతోంది. పడవకీ పడవకీ మధ్య కొంచెం ఎడం, ఫిరంగి మోత, ఇక తరుముకోవడమే. ప్రపంచంలో పేరున్న యూనివర్సిటీ, ఆట మాత్రం మన గేదెల కాపరి పిల్లలు ఆడే ఆట.

మిల్లు ఏమైందని అడగరేం? 1445 నుంచీ అది ఆక్స్‌ఫర్డ్‌లో లింకన్ కాలేజీ వారిది. నీళ్ళ మధ్యలో కర్ర మిల్లు, పక్కన చెట్లు. చిత్రకారులు వరసకట్టి దాని బొమ్మలు గీశారు. ఫోటోలు వచ్చాక ఫోటోలు తీశారు. 1908లో కాలిపోయింది. చుట్టూ నీళ్ళుండి నిప్పుకి పోయింది, చూడండి. తిరగలి రాయి మిగిలింది.

మరి ఊరి భూములు ఎవరివి? దొరలవి అనుకుంటారు. కొన్ని వందల ఏళ్ళ పాటు ఇఫ్లీకి జమీందారు ఒక సత్రం. నిజమండీ. బర్క్‌షైర్‌లో డానింగ్టన్ అనే చోట 1393లో పేద ముసలివాళ్ళ కోసం పెట్టిన ఆశ్రమం. ఇఫ్లీ భూముల మీద శిస్తు ఆ ముసలివాళ్ళ కూటికి పోయేది. మనకి సత్రం భూములు, దేవుడి మాన్యాలు ఉన్నట్టే. మీలో చాలామంది రోజూ కారు నడిపే డానింగ్టన్ వంతెనకి ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది. ఈసారి ట్రాఫిక్‌లో ఆగినప్పుడు గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు గుట్ట ఎక్కుదాం. చర్చి పేరు సెయింట్ మేరీ, మరియమ్మ పేరు మీద. 1160 తర్వాత కొద్ది ఏళ్ళలో కట్టింది. కట్టించింది సెయింట్ రెమీ అనే నార్మన్ కుటుంబం. నార్మన్లు అంటే ఫ్రాన్సు నుంచి వచ్చి 1066లో ఇంగ్లండుని గెలిచినవాళ్ళు. ఊరు చిన్నది, చర్చి చిన్నదే. కానీ చెక్కడం చూస్తే, ఈ కుటుంబం తమ స్తోమతకి మించి ఖర్చు పెట్టిందని నాకనిపిస్తుంది. మన ఊళ్ళో కూడా ఉంటారు కదా, ఇల్లు తాకట్టు పెట్టి గుడికి గాలిగోపురం కట్టించేవాళ్ళు.

పడమటి గుమ్మం దగ్గర కాసేపు ఆగాలి. తొందరగా లోపలికి వెళ్ళిపోకండి. కమాను చుట్టూ వరసలు వరసలుగా చెక్కడాలు. రంపపు పళ్ళలా వంకరటింకర గీతల వరస ఒకటి. దాని పక్కన పక్షి తలలు. తలలంటే మామూలు తలలు కావు, పెద్ద కళ్ళు, పొడుగాటి ముక్కు, ఆ ముక్కుతో గుండ్రటి రాతి కమ్మీని కరిచి పట్టుకుని ఉంటాయి. ఒక్కో తలా ఒక్కో రకం. కొన్ని కోపంగా, కొన్ని వెర్రిగా చూస్తుంటాయి. గడప దాటాలంటే అన్ని కళ్ళ కిందనుంచి పోవాలి.

వాటికి పైన, అన్నిటికంటే బయటి వరసలో ఏముందో చెప్పండి చూద్దాం. రాశులు! మన పంచాంగంలో రాశులే. పక్కనే క్రీస్తు కథ రాసిన నలుగురు సువార్తికుల గుర్తులు. మన గుళ్ళో మండపం కప్పు మీద రాశిచక్రం ఉంటే మనం ఆశ్చర్యపోం. చర్చి గుమ్మం మీద చూసి నేను మాత్రం అలా నిలబడిపోయాను. ఆ కాలంలో వాళ్ళకి అది తప్పు కాదు, ఏడాది పొడుగునా తిరిగే కాలం దేవుడిదేనని చెప్పడం.

దక్షిణపు గుమ్మం చిన్నది. ఒకప్పుడు దానికి ముందు వసారా ఉండేది కాబట్టి వానా ఎండా తగల్లేదు, చెక్కడం ఇంకా పదునుగా ఉంది. గుర్రాల మీద పోట్లాడుకునే మనుషులు, సింహం మీద ఎక్కి కూర్చున్న సంసోను (బైబిల్లో మహాబలుడు), ఇంకా ఏవేవో. నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది. పడమటి గుమ్మం ఊరికి చూపించుకోవడానికి, ఇది దగ్గరికొచ్చి చూసేవాడి కోసం.

లోపల నల్లరాతి తొట్టి ఉంటుంది, బాప్తిస్మం ఇచ్చేది. ఆ రాయి ఇక్కడిది కాదు. ఇప్పటి బెల్జియంలో ఉన్న టోర్నే నుంచి వచ్చింది. సముద్రం దాటి, నదులు ఎక్కి, ఈ గుట్ట మీదికి. అప్పటికి లాకులు లేవు సుమా. ఇందాక చెప్పిన పలకలూ, దూకే నీళ్ళూ, తాళ్ళూ, అంతే.

దక్షిణపు వైపే ఒక కిటికీ ఉంది, కొత్తది, 1995లో పెట్టారు. జాన్ పైపర్ అనే చిత్రకారుడిది, ఆయన పోయాక భార్య చర్చికి ఇచ్చింది. రంగు అద్దాల చెట్టు మీద పక్షులు, కింద గొర్రెపిల్ల. ఒక్కోదాని నోట్లో లాటిన్ మాట. కోడిపుంజు "క్రిస్తుస్ నాతుస్ ఎస్త్" అని కూస్తుంది, క్రీస్తు పుట్టాడు అని. పెద్దబాతు "క్వాందో? క్వాందో?" అంటుంది, ఎప్పుడు, ఎప్పుడు అని. కాకి "ఇన్ హాక్ నొక్తే" అంటుంది, ఈ రాత్రే. గుడ్లగూబ "ఉబీ? ఉబీ?" ఎక్కడ, ఎక్కడ. గొర్రెపిల్ల "బెత్లెం! బెత్లెం!" ఒకసారి గట్టిగా అనండి. బాతు అరుపు అరుపులాగే వస్తుంది కదా? పిల్లలూ, రేపు లోపలికి వెళ్ళి నెమ్మదిగా అనాలి, గోల చెయ్యకూడదు. గుడ్లగూబ ఎవరు? నువ్వేనా? సరే.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. చాలామంది గుమ్మాలు చూసి, ఫోటోలు తీసుకుని, వెళ్ళిపోతారు. మీరు వెళ్ళకండి. బయటికొచ్చి, దక్షిణపు గోడ వెంబడే తూర్పు వైపుకి నడవండి. పెద్ద యూ చెట్టు ఉంటుంది, చర్చి కంటే పాతదని ఊళ్ళో చెప్తారు. దాన్ని దాటి గోడ చూస్తే, రాళ్ళతో మూసేసిన ఒక కమాను ఆనవాలు కనిపిస్తుంది. ఒకప్పుడు అక్కడ చర్చి గోడకి ఆనుకుని ఒక గది ఉండేదంటారు. ఆ గదిలో ఒకావిడ 1232 నుంచి, చనిపోయేదాకా, సుమారు తొమ్మిదేళ్ళు ఉంది. బయటికి రాలేదు.

ఆవిడ పేరు అనోరా. చిన్న ఇంటి పిల్ల కాదు. తండ్రి విలియం డి బ్రోస్, ఇంగ్లండులో అందరికంటే పెద్ద ప్రభువుల్లో ఒకడు, జాన్ రాజుకి కుడిభుజం. తర్వాత ఇద్దరికీ చెడింది. బాకీలని కొందరంటారు, రహస్యాలని కొందరంటారు. రాజు తన అన్నకొడుకు ఆర్థర్ అనే కుర్రాణ్ణి చంపించాడని అప్పట్లో అందరూ గుసగుసలాడుకునేవారు. ఆ సంగతి విలియంకి తెలుసంటారు. రాజు మీ పిల్లల్ని నా దగ్గర పూచీగా ఉంచమన్నాడు. అనోరా తల్లి మటిల్డా, సొంత రక్తాన్ని చంపినవాడికి నా పిల్లల్ని ఇవ్వనని మొహం మీదే అనేసిందని ఆనాటి చరిత్రకారుడు రాశాడు.

అంటే ఊరుకుంటాడా? కుటుంబమంతా పారిపోయింది. 1210లో తల్లీ పెద్దకొడుకూ దొరికిపోయారు. ఇద్దర్నీ కోటలో బంధించి, తిండి పెట్టకుండా చంపారు. తండ్రి ఫ్రాన్సుకి పారిపోయి మరుసటి ఏడు అక్కడే పోయాడు. అనోరా కూడా రాజు చెరలోనే ఉంది, 1214లో పోపు ప్రతినిధి కల్పించుకుంటే వదిలారు. ఆ మరుసటి ఏడే, 1215లో, తిరగబడ్డ ప్రభువులు కలిసి జాన్ రాజు చేత మాగ్నా కార్టా అనే హక్కుల పత్రం మీద ముద్ర వేయించారు. తీర్పు లేకుండా ఏ స్వతంత్రుడినీ బంధించకూడదు అని అందులో ఒక షరతుంది, విన్నారు కదా. ఈ కుటుంబానికి జరిగింది ఆ కోపంలో ఒక పాలు అని చరిత్రకారులు అంటారు.

1227లో అనోరా భర్త పోయాడు. పిల్లల్లేరు. అయిదేళ్ళకి ఇఫ్లీకి వచ్చి, తనంతట తానే ఆ గదిలోకి వెళ్ళింది. ఇలాంటివాళ్ళని ఇంగ్లీషులో యాంకరెస్ అంటారు. మనకి సరైన మాట లేదు. సన్యాసి అందామంటే సన్యాసి తిరుగుతాడు, ఈవిడ కదలదు. లోపలికి వెళ్ళేటప్పుడు చనిపోయినవాళ్ళకి చదివే ప్రార్థనలు చదివేవారు. లోకానికి నువ్వు పోయినట్టే అని. ఆ కాలంలో ఇలాంటి ఆడవాళ్ళ కోసమే రాసిన నియమాలున్నాయి. గదికి మూడు కిటికీలు. ఒకటి చర్చిలోకి, పూజ చూడటానికి. ఒకటి పనిమనిషికి, అన్నం నీళ్ళు అందించడానికి. మూడోది వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడటానికి, దానికి నల్లటి తెర, తెర మీద తెల్ల సిలువ. ఆవుని పెంచుకోకు, పొరుగువాళ్ళతో తగాదాలొస్తాయి. ఊరి కబుర్లు వినకు. పిల్లిని మాత్రం ఉంచుకోవచ్చు. నాకు ఆ పిల్లి మాట చదివాక ఆవిడ నిజంగా బతికిన మనిషి అనిపించింది.

తమాషా ఏంటంటే, ఆవిణ్ణి పోషించింది ఎవరు? అప్పటి రాజు మూడో హెన్రీ. ఆయన ఎవరు? జాన్ రాజు కొడుకే! అనోరా తల్లిని ఆకలికి చంపినవాడి కొడుకు. ఆయన ఆజ్ఞల రికార్డుల్లో ఉంది, ఇఫ్లీ గదిలో ఉన్న అనోరాకి కట్టెలివ్వండి, ధాన్యమివ్వండి, బట్టలివ్వండి అని. పాపపరిహారమా, పెద్దింటి మర్యాదా, ఏమో. ఆ కట్టెలు పొయ్యిలో పెట్టుకుంటూ ఆవిడ ఏమనుకునేది? నేనైతే ప్రతిసారీ అక్కడ నిలబడి అదే ఆలోచిస్తాను. అక్కాచెల్లెళ్ళలో ఇంకొకావిడ, లొరెట్టా, లెస్టర్ ప్రభువు భార్య. ఆవిడా భర్త పోయాక కాంటర్‌బరీ పక్కన ఇలాగే గదిలోకి వెళ్ళింది, అనోరా కంటే పదేళ్ళకి పైగా ముందే. ఒకే ఇంటి ఆడపడుచులు, ఇద్దరూ.

మా ఆవిడ నాతో వాదిస్తుంది. అది భక్తి కాదండీ, భయం, అంటుంది. ఒకప్పుడు తలుపు బయటినుంచి వేశారు, తర్వాత లోపలినుంచి తనే వేసుకుంది, అంటుంది. నేను ఒప్పుకోలేదు. ఇంకా ఒప్పుకోవట్లేదు. కానీ జవాబు దొరకలేదు. ఆవిడ ఇక్కడే మూడో వరసలో ఉంది, అందుకని ఎక్కువ మాట్లాడను.

సమయం అయిపోతోంది. నదికి అవతల గట్టున పచ్చిక బయళ్ళున్నాయి, ఏప్రిల్‌లో అయితే అక్కడ ఊదారంగు గళ్ళ గళ్ళ పూలు తలవంచుకుని పూస్తాయి, గళ్ళ లుంగీ గుడ్డతో కుట్టినట్టు. 1983లో లెక్కపెడితే 500 మొక్కలే ఉన్నాయి. జూలైలో గడ్డి కోసి, తర్వాత పశువుల్ని వదిలే పాత పద్ధతి మళ్ళీ పెట్టాక అవి పదివేలు దాటాయి. ఆ బయళ్ళని వరద ఏటేటా ముంచుతుంది. ముంచితేనే ఆ పూలకి బలం.

రేపు పదింటికి డానింగ్టన్ వంతెన కింద గట్టు మీద కలుద్దాం. అక్కణ్ణుంచి నది పక్కనే నడిస్తే లాకులు వస్తాయి, లాకుల మీంచి దాటి గుట్ట ఎక్కడమే. ఆదివారం కదా, ప్రార్థన జరుగుతుంటే అది అయ్యేదాకా బయటే ఉందాం. పులిహోర తెచ్చేవాళ్ళు లాకుల దగ్గర తినేలా తెండి, చర్చి తోటలో సమాధులున్నాయి, అక్కడ వద్దు. ఇంకోటి, ఆ మూసేసిన కమాను దగ్గర గడ్డి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి.